ఎట్టయపురపు సుబ్బరామ దీక్షితులవారు

ఉగాదినాడు మనము పాత సంవత్సరపు లెక్క ముగించి క్రొత్త లెక్క తెరచుదుము. అట్టి శుభదినమున, మన పెద్దలు మనకై దాచి ఉంచినదేమి, అందులో మనము వాడుకొనుచున్నదెంత అని ఒకసారి చూచుకొనుట మంచిది. ఆ ఉద్దేశముతోనే ఈ సంచికలో ఒక మహనీయుని చరిత్రను మన సోదర సోదరీమణుల ముందు ఉంచుచున్నాము. ఆయన పుట్టుకచేత తమిళదేశపు బ్రాహ్మణుడు. జీవితమును గడపినది మధురకు దక్షిణముననున్న ఎట్టయపురమను చిన్న సంస్థానములో. కాని ఆయన వ్రాసిన మహాగ్రంథము తెలుగు భాషలో, తెలుగు అక్షరములలో ఉన్నది. పదునెనిమిదవ శతాబ్దపు దక్షిణదేశ సంగీతములో ఎంతో భాగము నేడు మన చెవిని పడుచున్నదన్నచో అందుకు ఆ గ్రంథమే ఆధారము. ఆయనే సుబ్బరామ దీక్షితులవారు.

మేము సంగీత విద్వాంసులము కాము. రైల్వే కచేరీలో రసీదులు, రిజిస్టర్లు వ్రాయువారము. కాగితము మీద ఎక్కని సరుకు పోయినచో దానిని అడుగువాడు ఉండడని మాత్రము మా ఉద్యోగము మాకు నేర్పినది. సంగీతమునకు కూడ ఆ మాట వర్తించునని దీక్షితులవారి చరిత్ర చదివినప్పుడు తోచినది. అందుచేతనే ఈ సాహసము.

ఒక యింటి విద్య

సుబ్బరామ దీక్షితుల కథ చెప్పవలెనన్న వారి ముత్తాతగారితో మొదలుపెట్టవలెను. రామస్వామి దీక్షితులు 1735లో జన్మించి 1817 వరకు జీవించిరి. వెంకటమఖి రచించిన చతుర్దండి ప్రకాశికలోని డెబ్బదిరెండు మేళకర్తల పద్ధతిని ఆయన గురుముఖమున నేర్చిరి. హంసధ్వని రాగమును కల్పించినది ఆయనయే. నూట ఎనిమిది రాగములను, తాళములను ఒకే మాలగా గ్రుచ్చి తెలుగులో ఒక పెద్ద రాగతాళమాలికను కూర్చిరి. ఆ దినములలో తమిళదేశమున పాటకు తెలుగే భాష. మధుర నాయకరాజుల పాలన 1736లో ముగిసినను, తంజావూరు మహారాష్ట్ర ప్రభువుల చేతిలోనికి పోయినను, సంగీతసభలో తెలుగు మాట చెక్కుచెదరలేదు.

రామస్వామి దీక్షితులకు ముగ్గురు కుమారులు: ముత్తుస్వామి, చిన్నస్వామి, బాలుస్వామి. పెద్దవారైన ముత్తుస్వామి దీక్షితుల పేరు ఎరుగనివారు మనలో ఉండరు. త్యాగయ్య, శ్యామశాస్త్రిగార్లతోపాటు సంగీత త్రిమూర్తులలో ఒకరు. 1775లో తిరువారూరులో జన్మించి, కొన్నియేండ్లు కాశిలో ఉండి, వీణను సాధించి, దక్షిణదేశపు క్షేత్రములు తిరుగుచు సంస్కృతమున కృతులు చేసిరి. మన మధుర మీనాక్షిపై వారు చేసిన గమకక్రియ రాగ కృతిని నేటికిని గాయకులు భక్తితో పాడుచున్నారు.

కడపటివారైన బాలుస్వామి దీక్షితుల కథ వేరు. ఈ కుటుంబము చెన్నపట్టణము సమీపమున మణలిలో జమీందారు ఆదరణలో ఉన్న కాలమున, కోటలోని ఇంగ్లీషువారి బ్యాండు వాద్యము వీరి చెవిని పడినది. జమీందారుగారు ఒక ఐరోపా వాద్యకారునిచేత బాలుస్వామికి పిడేలు నేర్పించిరి. కర్ణాటక సంగీతమునకు పిడేలును లొంగదీసిన మొదటివారిలో బాలుస్వామి దీక్షితులు ముఖ్యులు. నేడు పిడేలు లేని పాట కచేరీని మనము ఊహించజాలము గదా! అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు ఆ బ్యాండు వరుసలకు సంస్కృతమున దేవతాస్తుతులు కూర్చిరి. ఇంగ్లీషు నోట్ అను మాటనుబట్టి వానికి నొట్టుస్వరములని పేరు వచ్చినది. అట్టివి ముప్పదికి మించి ఉన్నవి.

తరువాత తమ్ములు ఇరువురును మధుర చేరిరి. చిన్నస్వామి దీక్షితులు మధురలోనే కాలధర్మము నొందిరి. బాలుస్వామి దీక్షితులను ఎట్టయపురపు ప్రభువు పిలిపించి 1824 ప్రాంతమున ఆస్థాన విద్వాంసునిగా నియమించుకొనిరి. తమ్ముని వెదకుచు ముత్తుస్వామి దీక్షితులును ఎట్టయపురము చేరిరి. 1835లో నరకచతుర్దశినాడు అక్కడనే దేహము చాలించిరి. వారి సమాధి ఆ ఊరిలోనే ఉన్నది.

తెలుగు ఏలికల ఊరు

ఎట్టయపురము మనకు పరాయి ఊరు కాదు. కోయంబత్తూరునుండి మధుర మీదుగా తిరునెల్వేలివైపు పోవువారు కోవిల్పట్టి స్టేషనులో దిగి, అక్కడినుండి బస్సులో పోవలెను. అచ్చటి పాలకులు తెలుగు మాటలాడు రాజకంబళపు నాయకులు. పూర్వము చంద్రగిరి ప్రాంతమునుండి తరలి వచ్చినట్లు ఆ వంశపు ఐతిహ్యము. ఎట్టప్ప యను బిరుదు వినగానే నేడు తమిళదేశమున కట్టబొమ్మని కథయే అందరికి జ్ఞాపకము వచ్చును. 1799లో కట్టబొమ్మడు కుంపిణీవారితో పోరాడగా ఎట్టయపురమువారు కుంపిణీ పక్షమున నిలిచిన మాట నిజము. ఆ మచ్చను చెరపుట మా ఉద్దేశము కాదు. అయినను అదే రాజవంశము మూడు తరముల దీక్షితులకు అన్నము పెట్టి, ఒక మహాగ్రంథమును అచ్చువేయించినదన్న మాట కూడ చరిత్రలోనిదే. ఒకదానిని చెప్పి రెండవదానిని మరచుట న్యాయము కాదు.

బాల్యము, శిక్షణము

బాలుస్వామి దీక్షితులకు మగసంతానము లేదు. కుమార్తె అన్నపూర్ణ, అల్లుడు శివరామయ్యరు. ఆ దంపతులకు 1839లో తిరువారూరులో ఒక కుమారుడు కలిగెను. పెట్టిన పేరు బాలసుబ్రహ్మణ్యము, పిలుపు సుబ్బరాములు. తన విద్య తనతో అంతరించిపోవునేమో యని తాతగారికి బెంగ. అందుచేత అయిదవ యేట ఆ బాలుని దత్తత తీసికొని ఎట్టయపురమునకు తెచ్చుకొనిరి. ఆనాటినుండి తాతయే తండ్రి, తాతయే గురువు.

తాతగారి వద్ద గాత్రము, వీణ. పండితుల వద్ద తెలుగు, సంస్కృతము. ఇది ఆ బాలుని చదువు. ముత్తుస్వామి దీక్షితుల కృతులు, ముత్తాతగారి మాలికలు, వెంకటమఖి సంప్రదాయపు గీతములు అన్నియు నోటినుండి నోటికి, వ్రేలినుండి వ్రేలికి ఆయనకు సంక్రమించినవి. తాతగారు ఒక పాటను చెప్పినప్పుడు దానిని తాను ఎవరి వద్ద, ఏ విధముగా నేర్చినదియు చెప్పెడివారేమో! ఏలయన సుబ్బరామ దీక్షితులు పెద్దవారైన పిమ్మట వ్రాసిన వ్రాతలో ఆ వంశపరంపర జ్ఞాపకము అడుగడుగున కనబడును.

పదునేడేండ్ల వయస్సున దర్బారు రాగములో ఒక తానవర్ణము చేసి రాజసభలో పాడిరి. రాజావారికి సందేహము కలిగెను: ఇంత చిన్నవాడు చేసినదా, తాతగారు చేసి ఇచ్చినదా? సందేహము తీర్చుకొనుటకై అప్పటికప్పుడు మరియొక రచన చేయుమని ఆయన పరీక్ష పెట్టిరట. యువకుడు ఆ పరీక్షలో నెగ్గి సత్కారము పొందెను. పెద్దింట పుట్టినవానికి ఈ చిక్కు ఎప్పుడును తప్పదు. తాను చేసిన పని తనదేయని నిరూపించుకొనవలసి వచ్చును. తాతగారి అనంతరము ఆస్థాన విద్వాంసుని స్థానము ఆయనకు దక్కినది.

తరువాతి నలుబదియేండ్లు పైకి చెప్పుకొనదగిన సంచలనము లేక గడచినవి. రాజసభలో పాట, శిష్యులకు పాఠము, వర్ణములు, రాగమాలికలు, కృతుల రచన. శంకరాభరణములో వారు చేసిన శంకరాచార్య స్తుతిని డి. కె. పట్టమ్మాళ్ గారు పాడి దేశమంతట ప్రసిద్ధము చేసిరి. ఖమాసులో వారి పదవర్ణము నేటికిని నాట్యకారులకు ఇష్టము. ఇంతటితో ఆగినచో సుబ్బరామ దీక్షితులు మంచి వాగ్గేయకారులలో ఒకరై నిలిచియుండెడివారు. ఆయనను మహనీయుని చేసిన పని అరువదియేండ్ల వయస్సున ఆరంభమైనది.

చిన్నస్వామి మొదలియారుగారు

ఆ పనికి కారకులు మరియొకరు. చెన్నపట్టణమున ఎ. ఎం. చిన్నస్వామి మొదలియారు అను పెద్దమనిషి ఉండెడివారు. ఎం. ఏ. చదివిన క్రైస్తవులు, మావలెనే సర్కారు కచేరీ ఉద్యోగి. కాని ఆయన మనస్సంతయు సంగీతముపైననే. మన పాటలు వ్రాతలో లేనందున తరమునకు కొంత నశించిపోవుచున్నవని ఆయనకు దుఃఖము. ఐరోపావారు పియానోకును, పిడేలునకును వాడు అయిదు గీతల లిపిలో మన కృతులను వ్రాసి 1893లో అచ్చువేయ నారంభించిరి. త్యాగయ్యగారి శిష్యపరంపరవారినుండి పాటలు సేకరించిరి. దీక్షితుల కృతులకై ఎట్టయపురమువైపు చూచిరి.

ఇచ్చట ఒక విషయము చెప్పవలెను. మన సంగీతమును వ్రాయుట కష్టము. ఎందువలన?

ఐరోపాలో పదునెనిమిదవ శతాబ్దమున హార్ప్సికార్డు అను వాద్యము ఉండెడిది. మీట నొక్కినచో లోపలి చిన్న ముల్లు తీగను మీటును. మన ఇండ్లలో పిల్లలు వాయించు కీబోర్డునకు అది ముత్తవ్వ యనవచ్చును. ఒక్కొక్క మీటకు ఒక్కొక్క స్వరము. రెండు మీటల నడుమ ఏమియు లేదు. అందుచేత దాని పాటను కాగితముపై వ్రాయుట సులభమైనది. ఇటలీదేశమున పుట్టి స్పెయినులో స్థిరపడిన డొమెనికో స్కార్లట్టి 1757లో మరణించునాటికి అయిదువందల ఏబదియైదు సొనాటాలు చేసిరి. తరువాత పియానో వచ్చి హార్ప్సికార్డు మూలబడినది, ఆ పాటలలో చాలభాగమును లోకము మరచినది. అయినను కాగితములు మిగిలినవి. ఇరువదవ శతాబ్దమున వాండా లాండోవ్‌స్కా అను పోలండుదేశపు స్త్రీ ఆ పాత వాద్యమును మరల కచేరీకి తెచ్చి రికార్డులు ఇచ్చిరి. 1980లలో స్కాట్ రాస్ అను అమెరికా వాద్యకారుడు స్కార్లట్టి సొనాటాలన్నిటిని రికార్డు చేసిరి. రెండువందల యేండ్లు నిద్రించిన సంగీతము లేచి కూర్చున్నది.

అదే లిపితో మన పాటను పట్టబోయినచో ఏమగును? 1789లో కలకత్తాలో విలియం హామిల్టన్ బర్డ్ అను సంగీతకారుడు హిందుస్తానీ పాటలను హార్ప్సికార్డునకు అనువుగా వ్రాసి ఒక పుస్తకము అచ్చువేసెను. 2015లో జేన్ చాప్మన్ అను వాద్యకారిణి వానిని రికార్డు చేసిరి. వినుటకు ముచ్చటగా ఉండును. కాని అందులో వరుస ఉన్నది, రాగము లేదు. మన రాగము స్వరముపై నిలువదు. స్వరమునకు స్వరమునకు నడుమ ఊగును, జారును, తాకి తిరిగివచ్చును. ఆ ఊపునకే గమకమని పేరు. మీటల వాద్యములో దానికి చోటు లేదు. వీణపై తీగను ప్రక్కకు లాగినప్పుడు అది పలుకును.

మొదలియారుగారికి ఈ చిక్కు తెలియును. అందుకే దీక్షితుల కృతులను గమకములతో సహా వ్రాసి ఇయ్యవలసినదని సుబ్బరామ దీక్షితులను బతిమాలిరి. విద్వాంసులు తమ యింటి పాఠమును తేలికగా బయట పెట్టెడివారు కారు. అది వారికి ఆస్తి, బిడ్డలకు జీవనాధారము. 1899 ప్రాంతమున మొదలియారుగారు ఎట్టయపురము వచ్చి, ఈ సంగీతనిధిని గ్రంథరూపమున వెలువరింపుమని రాజావారిని వేడుకొనిరి. రాజావారు సమ్మతించి, ఖర్చు భరించుటకు పూనుకొని, గ్రంథము వ్రాయుటకు ఆస్థాన విద్వాంసుని నియమించిరి. వ్రాయువారు తమిళ బ్రాహ్మణులు, అడిగినవారు తమిళ క్రైస్తవులు, ధనమిచ్చినవారు తెలుగు నాయకులు, వ్రాసిన భాష తెలుగు. దక్షిణదేశమున మన పెద్దలు కలసి బ్రతికిన తీరునకు ఇంతకన్న మంచి నిదర్శనము మాకు తెలియదు.

సంగీత సంప్రదాయ ప్రదర్శిని

నాలుగైదేండ్ల శ్రమ ఫలించి 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఎట్టయపురపు విద్యావిలాసినీ ముద్రాక్షరశాలనుండి వెలువడినది. ఇంచుమించు పదునేడువందల పుటల గ్రంథము. దానికి రెండేండ్ల ముందే, 1902లో, గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో మన దేశపు తొలి రికార్డులు తీసియుండిరి. ఒకవైపు యంత్రము పాటను పట్టుటకు వచ్చుచుండగా, మరియొకవైపు ఒక వృద్ధుడు కలముతో అదే పని చేయుచుండెను. యంత్రము పట్టినది ఆనాటి పాటను. కలము పట్టినది నూరు, నూటయేబది యేండ్ల వెనుకటి పాటను.

అందులో ఏమున్నది? వెంకటమఖి సంప్రదాయానుసారముగా డెబ్బదిరెండు రాగాంగ రాగములు, వాని క్రింద జన్యరాగములు. ప్రతి రాగమునకు లక్షణము, గీతము, తానము, దానిలో ముత్తుస్వామి దీక్షితుల కృతులు, చివర తాము రచించిన సంచారి. ముత్తుస్వామి దీక్షితుల కృతులే రెండువందల ఇరువదితొమ్మిది. వీనికి తోడు ఇతరుల రచనలు: పచ్చిమిరియము ఆదియప్పయ్య చేసిన భైరవి రాగ అటతాళ వర్ణము, పైడాల గురుమూర్తి శాస్త్రి గీతములు, తంజావూరు షాహజీ మహారాజు కాలపు రచనలు. భైరవి వర్ణమును మన పిల్లలు సంగీతపు క్లాసులో నేడును నేర్చుచున్నారు. దానిని చేసినవారు పదునెనిమిదవ శతాబ్దపువారని, దాని మాటలు తెలుగని ఆ పిల్లలకు ఎవరైన చెప్పుచున్నారా?

ముత్తాతగారి నూట ఎనిమిది రాగతాళమాలిక కూడ ఇందులో ఉన్నది. కాని పూర్తిగా లేదు. సుబ్బరామ దీక్షితులకు దొరికినవి అరువదియొక్క రాగములు మాత్రమే. మిగిలినవి అప్పటికే నష్టమైపోయినవి. ముత్తాత చేసిన పాట మునిమనుమని చేతికి వచ్చులోపల, అదియును అదే యింటిలో, సుమారు సగము జారిపోయినది. ఇంకొక తరము ఆలస్యమైనచో ఏమి మిగిలియుండెడిదో చదువరులే ఊహింపవచ్చును.

ఇక గమకముల సంగతి. సరిగమపదని అక్షరములను వ్రాసి, వాని పైని గీతలతో కాలమును తెలిపి, గమకములకు ప్రత్యేకముగా గుర్తులు ఏర్పరచిరి. కంపితమునకు అల వంటి గీత. స్ఫురితము, ప్రత్యాహతము, నొక్కు, రవ, ఖండింపు, వళి, జారు, ఒదుక్కల్, ఒరికై మొదలగు వానికి వేరువేరు గుర్తులు. ఒక్కొక్కటి వీణపై ఎట్లు పలికించవలెనో వివరించిరి. ఈ పేర్లను చూడుడు: కొన్ని సంస్కృతము, కొన్ని తెలుగు, ఒదుక్కల్, ఒరికై వంటివి శుద్ధ తమిళము. తెలుగు గ్రంథములో తమిళపు పనివాని మాట అట్లే నిలిచియున్నది. వీణ పట్టినవారి నోట నలిగిన మాటను తీసి పండితుల మాట పెట్టవలెనని దీక్షితులవారికి తోచలేదు. మన యింటి తెలుగులో కూడ తమిళపు మాటలు ఎన్ని కలిసిపోయినవో మనకు తెలియనిది కాదు. దానికి సిగ్గుపడ నవసరము లేదని ఈ గ్రంథమే చెప్పుచున్నది.

గ్రంథములో వాగ్గేయకార చరిత్రము అను భాగము ఒకటి కలదు. శార్ఙ్గదేవుని మొదలు తమ కాలమువారి వరకు డెబ్బదియేడుగురి జీవితములు అందు క్లుప్తముగా ఉన్నవి. పదునెనిమిదవ శతాబ్దపు విద్వాంసులలో పెక్కుమందిని గురించి మనకు తెలిసినది ఆ పుటలవలననే. పాటను మాత్రమే గాక పాట కట్టినవానిని కూడ నిలుపవలెనన్న ధర్మబుద్ధి అందు కనబడుచున్నది.

1905లో పిల్లలకై ప్రథమాభ్యాస పుస్తకము అను చిన్న గ్రంథము వ్రాసిరి. 1906లో అరువదియేడేండ్ల వయస్సున సుబ్బరామ దీక్షితులు పరమపదించిరి. ఎట్టయపురములో పుట్టి పెరిగిన మహాకవి సుబ్రహ్మణ్య భారతి అప్పటికి యువకుడు. దీక్షితుల మృతికి వగచి తమిళమున ఒక పద్యరచన చేసిరి. తెలుగులో వ్రాసిన విద్వాంసునికై తమిళ మహాకవి కన్నీరు విడిచినాడు.

పుటనుండి పాటకు

గ్రంథము అచ్చయినంత మాత్రమున పాట బ్రతుకదు. సుబ్బరామ దీక్షితుల కుమారులు అంబి దీక్షితులు 1936 వరకు జీవించి, చెన్నపట్టణమున శిష్యులకు పాఠము చెప్పిరి. వారిలో టి. ఎల్. వెంకటరామయ్యరుగారు ముఖ్యులు. వృత్తిచేత న్యాయవాది, తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి. వారి వద్ద నేర్చి పట్టమ్మాళ్ గారు ముత్తుస్వామి దీక్షితుల కృతులను కచేరీలలోను, రికార్డులలోను పాడిరి. అంతకు ముందు కొలదిమంది యిండ్లలో ఉండిన పాట రేడియోద్వారా, ప్లేటుద్వారా సామాన్యుల చెవిని చేరినది.

తెలుగు లిపి చదువలేని గాయకులకై మద్రాసు సంగీత అకాడమీవారు 1961 మొదలు 1983 వరకు అయిదు సంపుటములుగా ఆ గ్రంథమును తమిళలిపిలోనికి తెచ్చిరి. 1970లలో హైదరాబాదున తెలుగు ప్రతి మరల అచ్చయినది. ఇటీవల ఆంగ్లములో కూడ వచ్చినది. ఈ ఇరువది ముప్పది సంవత్సరములుగా కొందరు గాయకులు, వైణికులు ఆ పుటలను ముందుంచుకొని, గుర్తు గుర్తునకు పలికించి, ఎన్నడో వాడుక తప్పిన రాగములను, గీతములను, తానములను రికార్డు చేయుచున్నారు. కచేరీలో విను పాటకును, పుటలోని పాటకును అక్కడక్కడ తేడా కనబడుచున్నది. ఏది సరియని విద్వాంసులు వాదించుకొనుచున్నారు. వాదము మంచిదే. పుట ఉన్నందుననే కదా వాదము!

నొట్టుస్వరములకు కూడ మంచి దినములు వచ్చినవి. అమెరికాలో సిన్సినాటి నగరమందున్న కణ్ణిక్స్ కణ్ణికేశ్వరన్ గారు వానిని పరిశోధించి, అక్కడ పుట్టిన భారతీయ బాలలచేత పాడించి రికార్డు వెలువరించిరి. వానిలో శ్యామలే మీనాక్షి అను పాట మన మధురమ్మవారి స్తుతి. దాని వరుస ఏదనుకొన్నారు? మన పిల్లలు బడిలో పాడు ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్ వరుసయే. మూలము ఒక ఫ్రెంచి పాట. మొజార్టు 1780ల తొలినాళ్ళలో అదే వరుసను తీసికొని మీటల వాద్యమునకు పన్నెండు మార్పులు కట్టెను. ఒకే వరుస వియన్నాలో మొజార్టు చేతిలో పడినది, దక్షిణదేశమున ముత్తుస్వామి దీక్షితుల చేతిలో పడినది. గాంధీపురములో కీబోర్డు నేర్చుచున్న ఏ చిన్నదియైనను మొదటి నెలలోనే ఈ వరుస వాయించును. దానికి మీనాక్షీస్తుతి ఉన్నదని చెప్పినచో ఆ పిల్ల ఎంత సంతోషించును!

మన పని

ఇంతవరకు చెప్పినది గతము. ఇక మన మాట.

మన పూర్వులు కొందరు నాయకరాజుల కాలమున ఈ నేలకు వచ్చిరి. కొందరు మిల్లులకు, వర్తకమునకు, ఉద్యోగములకు తరువాత వచ్చిరి. ఎప్పుడు వచ్చినను ఇంటిలో తెలుగు మాట విడువలేదు. కాని మాట ఉన్నదేకాని అక్షరము జారిపోవుచున్నది. బడిలో తమిళము, ఆంగ్లము నేర్చి మన పిల్లలు బాగుపడుచున్నారు, అది కావలసినదే. అవ్వతో తెలుగు మాటలాడు పిల్లవానికి ఈ సంచికను చేతికిచ్చినచో ఎంతమంది చదువగలరు? తల్లిదండ్రులలోనే ఎంతమంది చదువగలరు? ఈ ప్రశ్న ఎవరినో నిందించుటకు కాదు. మన యిండ్లలోని లెక్కను మనమే చూచుకొనుటకు.

నోటిలో మాత్రమే ఉన్న విద్య ఎట్లు తరుగునో ఆ నూట ఎనిమిది రాగముల మాలికయే సాక్షి. మాట తెలిసి అక్షరము తెలియని ఇల్లు కూడ అట్టిదే. మనుమరాలికి అవ్వ మాట సగము అందును. మునిమనుమరాలికి ఎంత అందునో చెప్పజాలము. సుబ్బరామ దీక్షితులకు తెలుగు తల్లిభాష కాదు. ఆయన దానిని నేర్చుకొని, తమ యింటి ధనమునంతయు ఆ అక్షరములకు అప్పగించిరి. తల్లిభాషగా దానిని పొందిన మనము ఆ పెట్టె తాళపుచెవిని పారవేసికొనుట తగునా?

పెద్ద పనులు చేయుటకు మనకు రాజావారు లేరు. చిన్న పనులు చేయవచ్చును. ఆదివారము ఒక గంట పిల్లలకు ఓనమాలు నేర్పుటకు సంఘములో ఇద్దరు పెద్దలు ముందుకు వచ్చినచో చాలును. పలకలు, పుస్తకములు తెచ్చుట కష్టము కాదు. ప్రతి ఉగాది సభలో సినిమా పాటలతోపాటు ఒక పాత రచనను మన పిల్లలచేత పాడించి, దానిని కట్టినవారెవరో రెండు మాటలు చెప్పించవచ్చును. వచ్చే యేట శ్యామలే మీనాక్షితో మొదలుపెట్టవచ్చును, వరుస పిల్లలకు ముందే తెలియును గనుక. ఆ పాటల రికార్డులు నేడు చేతిలోని ఫోనులోనే దొరకుచున్నవి. మన తాతలకు లేని సౌకర్యము అది. మధుర, తిరునెల్వేలి వైపు బంధువుల యిండ్లకు పోవువారు ఒక పూట మిగుల్చుకొని ఎట్టయపురము చూచి రావచ్చును. అక్కడ భారతి పుట్టిన యిల్లు, దీక్షితుల సమాధి రెండును ఉన్నవి.

అరువదియేండ్ల వయస్సున కలము పట్టిన పెద్దమనిషి మనకు మార్గము చూపినాడు. మన పిల్లలు అక్షరము నేర్చుటకు ఆరేండ్ల వయస్సు చాలును.

ఈ నూతన సంవత్సరము మన కుటుంబములన్నిటికి ఆయురారోగ్యములను, పిల్లలకు విద్యను ప్రసాదించుగాక యని ప్రార్థించుచున్నాము.